చాటలో చెరిగిన పురుగులు

కోవిడ్ తర్వాత ల్యాబులన్నీ మళ్ళీ పూర్తిగా తెరుచుకున్న సంవత్సరం, ఫిబ్రవరి మొదటి సోమవారం నాడు నన్ను ఫంగస్ విభాగానికి బదిలీ చేశారు. పశ్చిమ సిడ్నీలో ఒక పెద్ద ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న పరిశోధన సంస్థ అది. నా హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసర్. అంటే సైంటిస్టునీ కాదు, విద్యార్థినీ కాదు. సైంటిస్టులు ఆలోచిస్తారు, విద్యార్థులు ప్రయోగాలు చేస్తారు, ఆ ప్రయోగాలకు కావలసినవన్నీ వేళకు, శుభ్రంగా, లెక్క తప్పకుండా అమర్చేది మేము. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు అదే ఆసుపత్రిలో బాక్టీరియా పరీక్షలు చేశాను. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. ఈ వయసులో కొత్త పనేమిటని మొదట విసుక్కున్నాను గానీ, నెల తిరక్కుండానే ఆ పనిలో పడిపోయాను.

నాకు అప్పగించిన గది తలుపు మీద ‘ఇన్‌సెక్ట్ రూమ్’ అని రాసి ఉండేది. మా ఆయన దాన్ని పురుగుల గది అనేవారు. ఎవరైనా ఇంటికి ఫోన్ చేస్తే, ‘సుగుణ పురుగుల దగ్గరుంది, సాయంత్రం చెయ్యండి’ అని చెప్పేవారు. అవతలివాళ్ళు ఏమనుకునేవారో నాకు తెలియదు.

ఫంగస్ జబ్బులకు పురుగులతో ఏం పని అని చాలామంది అడుగుతారు. చర్మం మీద వచ్చే తామరలాంటిది కాదు మేము చూసే ఫంగస్. అది ఒక రకం ఈస్టు. ఇక్కడివాళ్ళు గమ్ ట్రీ అని పిలిచే నీలగిరి చెట్ల తొర్రల్లో, రాలిన బెరడులో బతుకుతుంది. గాలితోపాటు లోపలికి పోయి, కొందరిలో ఊపిరితిత్తుల్లో స్థిరపడి, అక్కడినుంచి మెదడుకు ఎక్కుతుంది. దీనికున్న మందులు తక్కువ, ఉన్న వాటిలో గట్టివి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కొత్త మందేదైనా గాజు పళ్ళెంలో ఫంగస్‌ను చంపినంత మాత్రాన సరిపోదు, బతికి ఉన్న ఒంట్లో చంపుతుందా అన్నది తేలాలి. ఎలుకల మీద చెయ్యాలంటే నైతిక కమిటీ అనుమతికి నెలలు పడుతుంది, పట్టాలి కూడా. వెన్నెముక లేని పురుగులకు ఆ అనుమతి అక్కర్లేదు. అందుకని ముందు పురుగుల మీద చూసి, అక్కడ నిలబడిన మందునే ఎలుకల దాకా తీసుకువెళతారు.

మేము వాడేది మైనపు పురుగు. తేనెపట్టులో చేరి మైనాన్ని తినేసే చిమ్మటకు పిల్లదశ అది. తేనెటీగలు పెంచేవాళ్ళు దాని పేరెత్తితే తిట్టుకుంటారు. బల్లులను పెంచుకునేవాళ్ళు వాటికి తిండిగా కొంటారు, చేపలు పట్టేవాళ్ళు గాలానికి కడతారు. వేలి కణుపంత పొడవు, మీగడ రంగు, పట్టుకుంటే మెత్తగా, చల్లగా ఉంటుంది. దాని ప్రత్యేకత ఏమిటంటే మన ఒంటి వేడి దగ్గర, ముప్ఫై ఏడు డిగ్రీల్లో, హాయిగా బతుకుతుంది. దాని రక్తంలో కూడా మన తెల్లకణాల్లాంటి కణాలుంటాయి, అవి ఫంగస్‌ను చుట్టుముట్టి మింగుతాయి. పోరు ముదిరితే పురుగు ఒళ్ళు నల్లబడుతుంది. లోపల ఏం జరుగుతోందో రక్తం తియ్యకుండానే బయటికి కనిపిస్తుంది. ఇంత చిన్న జీవిలో ఇంత ఏర్పాటు ఉందని తెలిశాక, వంటింట్లో కందిపప్పులో పురుగు కనబడినా కాసేపు చూసి గానీ పారేసేదాన్ని కాదు.

పద్ధతి చెబుతాను. నీలి కొండల దిగువన ఒక రైతు దంపతులు ఈ పురుగులను పెంచి అమ్మేవారు. మంగళవారం ఒక డబ్బా, శుక్రవారం ఒక డబ్బా వచ్చేవి. డబ్బాలో పురుగులు, వాటి చుట్టూ చెక్క తురుము. తురుములోంచి పురుగులను వేరు చేసి, నల్లమచ్చలున్నవి తీసేసి, మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తూచి, బరువులో పెద్ద తేడా లేనివాటిని పదేసి చొప్పున గాజు పళ్ళేల్లో వెయ్యాలి. అక్కడివరకు నా పని. తర్వాత విద్యార్థి వచ్చి, వెంట్రుకవాసి సూది ఉన్న గాజు సిరంజితో, పురుగు పొట్ట కింద చివరి జత కాళ్ళలో ఎడమకాలి గుండా పది మైక్రోలీటర్లు ఎక్కిస్తుంది. పది మైక్రోలీటర్లంటే సూదిమొన మీద నిలిచే బొట్టు. ఒక పళ్ళెంలో పురుగులకు ఫంగస్, మందు రెండూ. రెండో పళ్ళెంలో ఫంగస్ మాత్రమే. మూడోదానికి వట్టి ఉప్పునీరు. నాలుగోదాన్ని ముట్టుకోకుండా వదిలేస్తాం. రోజూ ఉదయం మెత్తని బ్రష్‌తో తట్టి చూసి, కదలనివాటిని చనిపోయినట్టు రాసుకోవాలి.

వీటిలో కీలకం రెండో పళ్ళెం. మందు లేకుండా ఫంగస్ మాత్రమే ఎక్కించిన పురుగులు మూడు నాలుగు రోజుల్లో నల్లబడి చచ్చిపోవాలి. అవి చస్తేనే మొదటి పళ్ళెంలో బతికినవి మందు వల్ల బతికాయని చెప్పగలం. రెండో పళ్ళెంలోవి బతికితే మొత్తం ప్రయోగం చెత్తబుట్టకే.

నాకు ముందు ఆ పోస్టులో ఉన్నాయన తురుములోంచి పురుగులను ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటిగా ఏరేవారు. నేను వెళ్ళాక రెండుసార్లు అలాగే చేశాను. డబ్బాకి రెండున్నర గంటలు పట్టింది, మెడ పట్టేసింది. మూడోసారి బ్లాక్‌టౌన్‌లో మనవాళ్ళ కొట్టులో కొన్న స్టీలు చాట ఇంటినుంచి తీసుకువెళ్ళాను. సిడ్నీలో దిగిన రోజున, వెదురుతో పురుగులొస్తాయని, నా వెదురు చాటను ఎయిర్‌పోర్టులో క్వారంటైన్ వాళ్ళు తీసేసుకున్నప్పటినుంచి స్టీలుదే వాడుతున్నాను. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, డబ్బా అందులో బోర్లించి, బియ్యం చెరిగినట్టు చెరిగాను. తురుము తేలిక, ఎగిరి ముందుకు పోయింది. పురుగులు బరువు, వెనక్కి చేరాయి. పది నిమిషాల్లో పని అయిపోయింది. మా అమ్మ బాపట్లలో ధాన్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యి, ఏ యూనివర్సిటీలోనూ రాదు. మా విభాగాధిపతి హెలెన్ ఆ రోజు నిలబడి చూసి, ఫోన్‌లో వీడియో తీసుకుంది. డాక్టర్ గారూ అని పిలిస్తే నవ్వి, పేరు పెట్టి పిలవమనే మనిషి ఆమె. నాకు గర్వంగానే అనిపించింది. ఆ గర్వం చాలాకాలం ఉంది.

ఒక్క పని మాత్రం చెయ్యలేదు. ల్యాబులో ప్రతి పనికీ రాతపూర్వకమైన పద్ధతి ఉంటుంది, మార్పు చేస్తే అందులో రాసి విభాగాధిపతి చేత సంతకం పెట్టించాలి. మా పుస్తకంలో ‘పురుగులను తురుము నుంచి వేరు చేయాలి’ అని మాత్రమే ఉంది. ఎలా అన్నది లేదు. కాబట్టి మార్చిందేమీ లేదనుకున్నాను.

ఆ పురుగులతో పనిచేసే విద్యార్థిని పేరు మౌనిక. నల్గొండ పిల్ల. పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉంది, స్కాలర్‌షిప్ డిసెంబరుతో అయిపోతుంది. పాత మందుకు తోడుగా ఇస్తే దాని మోతాదు తగ్గించవచ్చేమో అన్న ఒక కొత్త పదార్థాన్ని పరీక్షించడం ఆమె థీసిస్. గాజు పళ్ళేల్లో అది బాగా పనిచేసింది. ఇక పురుగుల్లో చూపిస్తే థీసిస్ పూర్తవుతుంది. మార్చిలో ఆమె ఉంటున్న ఇల్లు యజమాని అమ్మేశాడు. సిడ్నీలో అద్దెకు గది దొరకడం ఎంత కష్టమో ఇక్కడ ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. రౌస్ హిల్‌లో మా ఇంట్లో ఐదు వారాలు ఉంచుకున్నాను. ఉదయం నా కారులోనే ఇద్దరం ల్యాబుకి వెళ్ళేవాళ్ళం. ఇంట్లో ఆంటీ అనేది, ల్యాబులో సుగుణ అని పిలవమన్నాను. ఆ పేరు ఆమె నోట ఒక్కసారీ రాలేదు. ల్యాబులో నన్ను ఏమీ పిలవకుండానే మాట్లాడడం నేర్చుకుంది.

పురుగుల ప్రయోగాలు కూడా ఆ మార్చి మొదట్లోనే మొదలుపెట్టింది, అప్పటినుంచీ ఫలితాలు తప్పుతూ వచ్చాయి. కొన్ని వారాలు రెండో పళ్ళెంలో పురుగులు చావాల్సినట్టే చచ్చేవి. కొన్ని వారాలు ఐదో రోజున కూడా నిక్షేపంగా పాకుతూ ఉండేవి. ఒకే ఫంగస్, ఒకే మోతాదు, ఒకే చెయ్యి. ఒక మంగళవారం డబ్బా పురుగుల్లో పదింటికి ఎనిమిది బతికాయి. శుక్రవారం డబ్బాలో పదికి పదీ పోయాయి. మౌనిక ముఖం చూడలేకపోయేవాళ్ళం.

నాకు ఇలాంటి చిక్కుముడులంటే ఇష్టం. కాగితం మీద రెండు గడులు గీసి, చచ్చిన వారాలు ఒకవైపు, బతికిన వారాలు ఒకవైపు రాశాను. మంగళవారాలన్నీ ఒకవైపు, శుక్రవారాలన్నీ ఇంకోవైపు పడ్డాయి. సరే, మంగళవారం డబ్బాలో ఏదో ఉందనుకున్నాను. రైతుకు ఫోన్ చేశాను. రెండు డబ్బాలూ ఒకే గదిలోవే, ఒకే తిండి, ఒకే వ్యాను అన్నాడు. ఫంగస్‌ను ముందురోజుల్లో పెంచుకోవాలి కాబట్టి మంగళవారం ప్రయోగానికి మౌనిక ఆదివారం వచ్చి పెంచుతుంది. ఆదివారం ఒంటరిగా వస్తుంది గనక ఏదైనా పొరపాటు చేస్తోందేమో అని అనుమానించాను. రెండుసార్లు నేనే మైక్రోస్కోపు కింద ఫంగస్ కణాలు లెక్కపెట్టాను. ఆమె లెక్క సరిగ్గానే ఉంది. పళ్ళేలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత చిట్టా తిరగేశాను. అదీ సరిగ్గానే ఉంది. అన్నీ చూశాక మిగిలింది ఆమె సూది పట్టిన చెయ్యి.

జూన్‌లో హెలెన్ నన్ను గదిలోకి పిలిచి, మౌనిక గురించి నా అభిప్రాయం అడిగింది. టెక్నికల్ ఆఫీసర్ మాటకు ఇలాంటి చోట విలువ ఉంటుంది, ఎందుకంటే విద్యార్థి పని చేస్తుంటే పక్కన ఉండేది మేమే. పిల్ల మంచిది, కష్టపడుతుంది, కానీ చెయ్యి ఇంకా కుదరలేదనుకుంటాను అన్నాను. శుక్రవారం కుదిరే చెయ్యి మంగళవారం ఎందుకు కుదరదన్న ప్రశ్న ఆమె వెయ్యలేదు, నేనూ వేసుకోలేదు. జూలై చివరిదాకా చూద్దాం, ఫలితాలు నిలకడగా రాకపోతే పురుగుల అధ్యాయం తీసేద్దాం అంది హెలెన్. ఆ అధ్యాయం లేకపోతే మిగిలినది పీహెచ్‌డీకి చాలదు, మాస్టర్స్‌తో సరిపెట్టుకోవాలి. మూడున్నరేళ్ళ పని. మౌనికకు ఈ మాట హెలెన్ నేరుగానే చెప్పింది. నేను ఏమన్నానో మాత్రం చెప్పలేదు.

అప్పుడు మా అమ్మాయి పురిటికని మెల్‌బోర్న్‌లోని క్రెయిగీబర్న్‌కు వెళ్ళాను. మూడు వారాల సెలవు. తిరిగి వచ్చిన మర్నాడు మౌనికను ఎలా ఉన్నాయని అడిగాను. మంచిగనే వచ్చినయి అని నేలచూపులు చూస్తూ చెప్పింది. మూడు మంగళవారాలు, మూడు శుక్రవారాలు. ఆరింటిలోనూ రెండో పళ్ళెం పురుగులు చావాల్సినట్టే చచ్చాయి. నేను సంతోషించాల్సింది. నిజం చెప్పాలంటే ముందు చిరాకేసింది. నేను లేనప్పుడే బాగా జరగడమేమిటి? తర్వాత అదే ప్రశ్న చిరాకు లేకుండా వేసుకున్నాను. నేను లేనప్పుడు ల్యాబులో లేనిది ఏమిటి?

ఆ ప్రశ్నతోనే ఆమె నోటుబుక్కు తీసుకున్నాను. పరిశోధన నోటుబుక్కుకు కొన్ని నియమాలుంటాయి. సిరాతోనే రాయాలి, పేజీ చింపకూడదు, కొట్టివేత మీద పొడి అక్షరాలు వెయ్యాలి. ప్రతి పేజీ అడుగున ‘చదివి ధ్రువీకరించాను’ అన్న గీత మీద ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలి. రేపు ఎవరైనా ఈ ఫలితం నిజమేనా అని అడిగితే ఆ సంతకమే జవాబు. మౌనిక పేజీలకు సాక్షిని నేనే. ప్రతి గురువారం మధ్యాహ్నం వారం పేజీలన్నీ ఒకేసారి తెచ్చుకుని, తేదీ, అంకెలు చూసి సంతకాలు పెట్టేసేదాన్ని. చక్కని చేతిరాత, ఎప్పుడూ తప్పు దొరకలేదు. అందుకని చదవడం మానేసి చాలాకాలమైంది.

ఆ రోజు మొదటి పేజీనుంచి చదివాను. ఏప్రిల్ రెండో వారం మంగళవారం పేజీలో, ఎడమ మార్జిన్‌లో, చిన్న అక్షరాలతో తెలుగులో ‘చాట’ అని రాసి ఉంది. తర్వాతి శుక్రవారం పేజీలో ఏమీ లేదు. మళ్ళీ మంగళవారం పేజీలో ‘చాట’. నేను పనిచేసేది సోమవారం నుంచి గురువారం వరకు. శుక్రవారం నాకు సెలవు కాబట్టి ఆ డబ్బాను మౌనికే ఏరుకునేది. నా చాట ఇంకొకరు ముట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఒకసారి ఆమె ప్రయత్నించి పురుగులన్నీ నేలమీద పోస్తే, ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకున్నాం, మళ్ళీ ముట్టుకోవద్దన్నాను. అప్పటినుంచి శుక్రవారం డబ్బాలు ఫోర్సెప్స్‌తోనే. మంగళవారం, శుక్రవారం మధ్య తేడా అదొక్కటే. రెండు గడులు గీసి అన్ని కారణాలూ రాసిన నేను, నా పేరు మాత్రం ఏ గడిలోనూ రాసుకోలేదు. ‘చాట’ అన్న మాట పదకొండు పేజీల్లో ఉంది. పదకొండు పేజీల అడుగునా నేను చదివి ధ్రువీకరించినట్టు సంతకం ఉంది.

మౌనికను టీ గదిలోకి పిలిచి, నోటుబుక్కు ముందు పెట్టి, ఇదేమిటమ్మా అని అడిగాను. పేజీ తనవైపు తిప్పుకుంది. తర్వాత చెప్పింది. “మీరు చెరిగిన దినం పురుగులు చస్తలేవు ఆంటీ. నేను ఏరినయి చస్తున్నయి. నాలుగైదు వారాలకే నాకు అనుమానమొచ్చింది.”

మరి నాతో ఎందుకు చెప్పలేదన్నాను.

“ఎట్ల చెప్తా? రూమ్ లేకపోతే మీ ఇంట్ల పెట్టుకుని అన్నం పెట్టిన్రు. మీ చాటల్నే తప్పున్నదని నా నోటితోని ఎట్ల అంట? మీటింగుల హెలెన్ ముందట అంటే మీకు మంచిగుంటదా? అందుకే తెలుగుల రాసిన. హెలెన్‌కు తెల్వద్దు, మీకు తెల్వాలె అని. ఈ ల్యాబుల తెలుగు చదివేది మీరొక్కరే గద.”

నేను చూడలేదని చెప్పాను.

“చూసిన్రనుకున్న ఆంటీ. సంతకం పెట్టిన్రు గద. చూసి గూడ మీరేం అంటలేరంటే నేను అనుకునేదే తప్పనుకున్న. ఇరవై ఏండ్ల అనుభవం మీది. తప్పు నా చేతులనే ఉన్నదనుకున్న.”

నా ఉద్యోగ జీవితంలో అంత సిగ్గుపడిన రోజు ఇంకొకటి లేదు. ఆమె నాకు పదకొండుసార్లు చెప్పింది. నేను పదకొండుసార్లు, చదివాను, ఏమీ లేదు అని జవాబిచ్చాను. ఆపైన విభాగాధిపతి దగ్గరకు వెళ్ళి ఆ పిల్ల చెయ్యి కుదరలేదని కూడా చెప్పి వచ్చాను. ఆ విషయం కూడా అప్పుడే మౌనికకు చెప్పేశాను.  ఆమె లేచి కప్పులు కడిగింది.

అదే మధ్యాహ్నం హెలెన్ దగ్గరకు వెళ్ళి మొత్తం చెప్పాను. ఆమె కోపగించుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, చెరగడమంటే పురుగు ఎంత ఎత్తు ఎగురుతుంది, ఎన్నిసార్లు అని అడిగింది. సైంటిస్టుల గుణం అది. ముందు కుతూహలం, మిగిలినవన్నీ తర్వాత. పురుగులను గట్టిగా కుదిపితే వాటి రక్షణ వ్యవస్థ మేలుకుంటుందని, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు జబ్బును బాగా తట్టుకుంటాయని వేరేచోట్ల కూడా గమనించారట. ఆమెకు ఆ సంగతి ఎప్పుడో చదివినట్టు గుర్తు. చాట వీడియో తీసుకున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు. మా అమ్మ చెయ్యి పురుగుకు వ్యాయామం చేయించిందన్నమాట.

అయినా అనుమానం అనుమానమే, పరీక్ష చెయ్యాలి. ఒకే డబ్బాను మూడు భాగాలు చేశాం. ఒక భాగం ఫోర్సెప్స్‌తో ఏరాం. ఒక భాగం నేను చాటలో చెరిగాను. మూడో భాగాన్ని మాత్రం మూడు రోజుల ముందే చెరిగి, కదపకుండా ఉంచి, మిగతావాటితో కలిపి వాడాం. పళ్ళేల మీద ఏది ఏ భాగమో తెలియకుండా హెలెన్ అంకెలు వేసి, ఆ చీటీ తన సొరుగులో పెట్టుకుంది. ఏది ఏదో తెలియకుండానే మౌనిక సూది వేసింది, నేను బ్రష్‌తో తట్టి లెక్క రాశాను. ఐదో రోజున ముగ్గురం కలిసి చీటీ తీశాం. ఏరినవి దాదాపు అన్నీ పోయాయి. అప్పుడే చెరిగినవి చాలావరకు బతికాయి. చెరిగి మూడు రోజులు ఆపినవి మామూలుగానే పోయాయి. ఇంకో రెండుసార్లు చేశాం. మూడుసార్లూ అంతే.

మూడోసారి ఫలితం వచ్చిన వారం విభాగం సమావేశం జరిగింది. పది మంది ఉంటారు. ఎవరి పని వారు నిలబడి చెప్పాలి. మౌనిక వంతు రాకముందే నేను లేచాను. పద్ధతి మార్చింది నేనని, రాయలేదని, చదవకుండా సాక్షి సంతకాలు పెట్టానని, ఆ పేజీల్లో జవాబు ఏప్రిల్ నుంచీ ఉందని చెప్పాను. హెలెన్‌తో జూన్‌లో నేను అన్న మాట తప్పని కూడా అక్కడే అన్నాను.  తర్వాత మౌనిక లేచి తన స్లయిడ్లు చూపించింది. చాట గురించి ఒక్క మాట కూడా అనకుండా, పురుగులను వేరు చేసే పద్ధతి వల్ల ఫలితం మారుతుందని మాత్రం చెప్పింది. నన్ను అప్పుడు కూడా కాపాడాలనే చూసింది. ఎవరో వెనకనుంచి వేరు చేసే పద్ధతంటే ఏమిటని అడిగితే, నేనే మధ్యలో అందుకుని చేతులతో చెరిగి చూపించాను. అందరూ నవ్వారు. మౌనిక కూడా నవ్వింది, చాలా నెలల తర్వాత.

చాట ప్రయోగాలన్నీ థీసిస్ లెక్కలోంచి తీసేశారు. శుక్రవారాలవి, నా సెలవులోవి, ఆ తర్వాత కొత్తగా చేసినవి కలిపితే అధ్యాయానికి సరిపోయాయి. ఆమె పదార్థం గొప్ప మందేమీ కాదని తేలింది. పాత మందుతో కలిపి ఇస్తే కొంత సాయం చేస్తుంది, అంతే. అంతే అని కచ్చితంగా చెప్పగలగడం కూడా ఫలితమే. పురుగులను వేరు చేసే పద్ధతి మీద ఆమె ఇంకొక చిన్న అధ్యాయం రాసింది. డిసెంబరు మూడో వారంలో థీసిస్ ఇచ్చేసింది. పీహెచ్‌డీ వచ్చింది.

ఈ ఉదంతంలో నాకు పనికొచ్చినవి రెండున్నాయి. మొదటిది పనికి సంబంధించినది. ప్రయోగంలో ఏం చేశామన్నది ఎంత ముఖ్యమో ఎలా చేశామన్నది కూడా అంతే ముఖ్యం, అలవాటైన చెయ్యి చేసే పని ముందుగా రాయాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు. రెండోది నేర్చుకోవడానికి ఎక్కువకాలం పట్టింది. మనవాళ్ళలో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ తప్పు ఎత్తి చూపరు. అది వాళ్ళ మంచితనం. ఆ మంచితనాన్ని తీసుకుని ఊరుకునే పెద్దవాళ్ళది తప్పు. గౌరవం ఇచ్చే మనిషి నిజం కూడా చెప్పగలిగేలా చూసే బాధ్యత ఆ గౌరవం అందుకునేవారిదే.

రిటైరయ్యేలోగా నా దగ్గరకు ఇంకా ఏడుగురు విద్యార్థులు వచ్చారు. ముగ్గురు తెలుగువాళ్ళు. ప్రతి గురువారం నోటుబుక్కు తెచ్చినప్పుడు అందరినీ ఒకటే అడిగేదాన్ని, ఈ వారం నేను చేసినదాంట్లో మీకు తేడాగా అనిపించింది ఏమిటని. ఏమీ లేదన్నవాళ్ళ పేజీల మీద నేను సంతకం పెట్టలేదు.